ఆ రెండు షరతులు: ‘జోధా అక్బర్’ చూపించినవి, తారీఖ్‌లో దొరికేవి



మొన్న ఇత్వార్ రాత్రి మా ఆపా ఇంట్లో అందరం భోజనాలు చేసి కూర్చున్నాం. టీవీలో ‘జోధా అక్బర్’ వస్తోంది. 2008లో అశుతోష్ గోవారికర్ తీసిన ఆ సినిమాను నేను అప్పుడే థియేటర్‌లో చూశాను. ఆమేర్ రాజకుమారి నికాహ్‌కి ముందే బాద్షాని పిలిపించి, నా షరతులు రెండున్నాయి అని చెప్పే సీన్ వచ్చింది. పోయినేడాది షాదీ అయిన మా భాంజీ టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే, “ఆమెనన్న అడిగిండ్రు మామూ. నన్నెవరన్న అడిగిండ్రా?” అంది.

నవ్వుతూనే అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం చాయ్ గొంతు దిగలేదు. ఎందుకంటే ఆమె నికాహ్‌లో వకీల్‌ని నేనే. ఇద్దరు గవాలను వెంటబెట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళి, ఫలానా వారి అబ్బాయితో ఇంత మెహర్‌కి నికాహ్ కుబూలేనా బేటా అని అడిగిందీ, ఆమె తలూపితే బయటికొచ్చి ఖాజీ సాబ్‌కి చెప్పిందీ నేనే. అంటే అడిగాననే ఇన్నాళ్ళూ నా ఖయాల్. కానీ అప్పటికే బయట ఫంక్షన్ హాల్ నిండిపోయింది, దేగ్చాలలో బిర్యానీ దమ్ మీదుంది, దూల్హా సెహ్రాతో కూర్చుని ఉన్నాడు. ఆ టైమ్‌లో ఏ పిల్ల మాత్రం ‘నాకో మాట ఉంది మామూ’ అనగలదు?

ఆ రాత్రి నిద్ర పట్టక నా దగ్గరున్న కితాబులు ముందేసుకున్నాను. ఆ రెండు షరతులు నిజమేనా? నిజం కాకపోతే నిజమేమిటి? అదే ఈ రోజు మీ ముందు పెడుతున్నాను.

ముందు సినిమా సంగతి. జోధా పెట్టిన షరతులు ఇవి: తను మజ్హబ్ మారదు, తన మహల్‌లో తన దేవుడికి మందిరం ఉండాలి. జలాలుద్దీన్ దర్బారీల ముందు ఒప్పుకుంటాడు. తర్వాత కథంతా ఆ ఒప్పుకోలు చుట్టూనే తిరుగుతుంది. భార్య మనసు కుదిరేదాకా అతను ఆగుతాడు. అనుమానించి పుట్టింటికి పంపించేసి, తర్వాత తన ఖతా తెలుసుకుని తానే వెళ్తాడు. చదువు రాని బాద్షా, చదువుకున్న రాణి. ముల్కులు గెలవడం తెలిసినవాడికి మనసులు గెలవడం తెలీదని ఆమె ముఖం మీదే చెప్తుంది. హిందూ ముసల్మాన్ల మధ్య మొహబ్బత్‌ని ఇంత ఇజ్జత్‌తో చూపించిన పెద్ద సినిమాలు మనకి ఎన్ని ఉన్నాయి? అందుకే ఆ సినిమా అంటే నాకు ఇష్టం. తప్పులున్నా ఇష్టమే.

ఇక తారీఖ్. 1562 మొదట్లో అక్బర్ ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీ దర్గా జియారత్‌కి అజ్మీర్ బయల్దేరాడు. అప్పటికి అతనికి 19 ఏళ్ళు. ఆమేర్ రాజా భార్‌మల్ పెద్ద ముసీబత్‌లో ఉన్నాడు. మేవాత్ మొఘల్ హాకిమ్ షర్ఫుద్దీన్ హుసేన్ ఆమేర్ మీద పడి, రాజా కొడుకునీ అన్నదమ్ముల కొడుకులనీ జామీనుగా పట్టుకుపోయాడు. దారిలో సాంగానేర్ దగ్గర భార్‌మల్ బాద్షాని కలిశాడు. బిడ్డనిచ్చి రిష్తా కలుపుకుంటే రాజ్యం నిలుస్తుంది. అజ్మీర్ నుంచి తిరుగు దారిలో సాంభర్‌లో షాదీ జరిగింది. బందీలు విడుదలయ్యారు. రాజా మనవడు మాన్‌సింగ్ బాద్షా కొలువులో చేరాడు, తర్వాత సల్తనత్‌లోనే పెద్ద సర్దార్ అయ్యాడు.

ఈ లావాదేవీలో అమ్మాయి ఏమంది? దాని గురించి ఒక్క వాక్యం లేదు. వాక్యం దాకా ఎందుకు, అబుల్ ఫజల్ ‘అక్బర్‌నామా’లో భార్‌మల్ కూతురనే తప్ప ఆమె పేరే రాయలేదు. ‘హర్‌ఖా’ అనే పేరు తర్వాతి వాళ్ళ రాతల్లో వస్తుంది. ‘జోధా’ అన్నది గందరగోళం. జోధ్‌పూర్ మోటా రాజా ఉదయ్‌సింగ్ కూతురు జగత్ గోసాయిన్, జహంగీర్ బేగం, షాజహాన్ తల్లి. జోధ్‌పూర్ బిడ్డ గనక జోధ్‌బాయి అన్న పేరు ఆమెకు పొసుగుతుంది. ఈ పేరు గొడవ మీదే సినిమా వచ్చినప్పుడు రాజస్థాన్‌లో హంగామా అయింది, అక్కడి థియేటర్లలో సినిమా పడలేదు. మన దక్కన్ వాళ్ళకి ఇలాంటి తగాదా కొత్తేమీ కాదు. భాగమతి ఉందా లేదా అని ఇప్పటికీ కొట్లాడుకుంటున్నాం కదా! బాద్షాల పేర్లు సిక్కాల మీద ఉంటాయి. ఆడవాళ్ళ పేర్ల కోసం నాలుగు వందల ఏళ్ళ తర్వాత కూడా వెతుక్కోవాలి.

సినిమా దాచింది ఇంకోటుంది. అది పేరు కంటే పెద్దది. ఆమె అడుగుపెట్టేసరికి జనానాలో అక్బర్ మొదటి బేగం రుకయ్యా సుల్తాన్ ఉంది. బైరం ఖాన్ బేవా సలీమా సుల్తాన్‌ని అక్బర్ 1561లోనే నికాహ్ చేసుకున్నాడు. సినిమా కథలో వాళ్ళిద్దరికీ చోటు లేదు. చోటిస్తే మన ప్రేమకథ నిలబడదు మరి. ఆ తర్వాతా షాదీలు ఆగలేదు. ఇబాదత్‌ఖానా బహస్‌ల రోజుల్లో ఎంతమంది జాయిజ్ అని అక్బరే ఉలమాని అడిగాడు. నలుగురే అన్నారు. అప్పటికే లెక్క దాటిపోయింది. చివరికి ముతా జాయిజేనని ఫైసలా చెప్పే మాలికీ ఖాజీని వెతికి పెట్టుకోవాల్సి వచ్చింది. ముల్లా బదాయూనీ ఈ తతంగమంతా రాశాడు. సినిమాలో ఉన్న బరాబరీ ఆ మహల్‌లో ఉందని నేను అనలేను.

మరి ఆడపిల్ల రజామందీ అన్నది సినిమావాళ్ళ కల్పనేనా? కాదు. మన దీన్‌లో అది మొదటి నుంచీ ఉన్నదే. ఖన్సా బిన్తె ఖిదామ్ (రజి.) తన తండ్రి తనకి ఇష్టం లేకుండా నికాహ్ చేశాడని రసూలుల్లాహ్ (స.) దగ్గరికి వెళ్ళి ఫిర్యాదు చేస్తే, ఆ నికాహ్ రద్దయింది. బుఖారీ షరీఫ్‌లో ఉన్న హదీస్ ఇది. రజామందీ లేకపోతే నికాహ్ లేదు.

ఇంకో తమాషా చూడండి. సినిమాలో అత్తగారిగా, మెత్తటి అమ్మగా కనిపించే హమీదా బానూ ఉంది కదా, అసలు తారీఖ్‌లో ‘నా’ అన్న ఆడపిల్ల ఆమే. 1541లో, తఖ్త్ పోగొట్టుకుని సింధ్‌లో తిరుగుతున్న హుమాయూన్ ఆమెను చూసి మనసుపడ్డాడు. ఆమె ఒప్పుకోలేదు. ఒక్కసారి సలాం చేశాను, మళ్ళీ ఎందుకు రావాలి అంది. బతిమాలడం నలభై రోజులు సాగింది. బాద్షా కన్నా మంచివాడు ఎవడొస్తాడని పెద్దలు నచ్చజెప్తే, తన చెయ్యి అందనంత ఎత్తులో ఉన్నవాడు తనకొద్దని ఆమె బాధ. ఇదంతా హుమాయూన్ చెల్లెలు గుల్‌బదన్ బేగం ‘హుమాయూన్‌నామా’లో రాసింది. గమనించండి, అమ్మాయి మాట ఎక్కడ మిగిలింది? కలం ఇంకో ఆడమనిషి చేతిలో ఉన్నచోట మిగిలింది. సాంభర్ డేరాలో అలాంటి కలం లేదు. అందుకే జోధా మాటల్ని సినిమా రైటర్లు ఊహించుకోవాల్సి వచ్చింది.

హమీదా కొడుకు ఆ తర్వాత మారలేదా అంటే, మారాడు. 1563లో హిందూ యాత్రికుల మీద పన్ను తీసేశాడు. మరుసటి ఏడాది జిజియా తీసేశాడు. సినిమా దీన్ని రాణి మొహబ్బత్ ఖాతాలో వేస్తుంది. ఒక్క కారణంతో అయ్యే పని కాదది. రాజపుత్రులతో కొత్త రిష్తాలున్నాయి, సల్తనత్ అవసరాలున్నాయి, అతని మనసూ ఉంది. నాకు ఇంకా ముఖ్యమనిపించేవి వేరే ఉన్నాయి. షాదీకి దుల్హన్, దూల్హా ఇద్దరి రజామందీ, తల్లిదండ్రుల ఇజాజత్ తప్పనిసరి అన్నాడు. ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 16 నిండాలన్నాడు. రెండు వైపులా విచారించడానికి తూయ్‌బేగీ అనే అధికారుల్ని పెట్టాడు. సామాన్యుడికి ఒక్క భార్యే మేలు అన్న మాటా అతనిదే. తాను మాత్రం ఆ మాటకి కట్టుబడి బతకలేదు. బరాబరీ గురించి మంచి మాటలు చెప్పే మగాళ్ళలో ఈ ఐబ్ ఆ రోజుల్లోనే ఉంది. నాలోనూ ఉంది, లేకపోతే మా భాంజీ మాట నాకంత గుచ్చుకునేది కాదు.

పేరు లేని ఆ రాజకుమారి ఏమైంది మరి? 1569లో సీక్రీలో సలీమ్ పుట్టాడు. ఆమె మరియమ్ ఉజ్ జమానీ అయింది. ఇక్కడి నుంచి తారీఖ్ సినిమా కంటే గొప్పగా ఉంటుంది. ఆమె ముహర్‌తో హుక్మ్‌లు జారీ అయ్యేవి. బయానా నీలిమందు కొనడానికి ఆమె గుమాస్తా వెళ్ళేవాడు. సముద్రం మీద ఆమె జహాజ్‌లు తిరిగేవి. వాటిలో పెద్దది ‘రహీమీ’. సూరత్ నుంచి ఎర్ర సముద్రానికి సరుకుతో పాటు హాజీలను తీసుకెళ్ళేది. మళ్ళీ ఒకసారి చదవండి: రాజపుత్ర ఇంట్లో పుట్టిన ఆడమనిషి జహాజ్‌లో మన హాజీలు హజ్‌కి వెళ్ళారు! 1613లో పోర్చుగీసువాళ్ళు తమ దగ్గర తీసుకున్న పాస్ ఉన్నా సరే రహీమీని పట్టుకున్నారు. జహంగీర్ సూరత్‌లో వాళ్ళ తిజారత్ ఆపేశాడు, ఆగ్రాలో వాళ్ళ చర్చి మూయించాడు, డామన్ మీదకి ఫౌజ్‌ని పంపాడు. అదే కాలంలో, 1611 నుంచి 1614 మధ్య, లాహోర్ ఖిలా ఎదుట ఆమె పేరుతో మస్జిద్ లేచింది. అది ఇప్పటికీ ఉంది. 1623లో ఇంతెకాల్ అయ్యాక సికంద్రాలో, అక్బర్ మఖ్బరాకి దగ్గర్లోనే దఫన్ చేశారు.

ఆమె మనసులో ఏ దేవుడున్నాడో, ఎవరిని ఎంత ప్రేమించిందో నేను చెప్పలేను. ఆమె ఎవరి దయ మీదా బతకలేదని మాత్రం ఆ జహాజ్‌లు చెప్తాయి.

సరే, ఆమె మల్లికా. మామూలు ఆడవాళ్ళ సంగతి? దీనికి జవాబు రహీమీ లంగరేసిన ఆ సూరత్‌లోనే దొరికింది. పదిహేడో శతాబ్దం నాటి సూరత్ ఫార్సీ దస్తావేజుల్లో కొన్ని నికాహ్‌నామాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. చరిత్రకారిణి షిరీన్ మూస్వీ వాటిని చదివి వివరించారు. అవి షెహజాదీలవి కావు, మామూలు కుటుంబాల ఆడవాళ్ళవి. వాటిలో మళ్ళీ మళ్ళీ నాలుగు షరతులు కనిపిస్తాయి. దూల్హా రెండో పెళ్ళి చేసుకోకూడదు. భార్యని కొట్టి గాయపరచకూడదు. ఖర్చుకివ్వకుండా నెలల తరబడి వదిలేసి పోకూడదు. బాందీని ఉంచుకోకూడదు. షరతు తప్పితే ఆమెకి విడిపోయే హక్ ఉంది. ఇవి మెహర్ కాకుండా, కాగితం మీద, గవాల సమక్షంలో రాసుకున్నవి.

దోస్తులారా, ఇది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. సినిమాలో రాజకుమారి పెట్టిన రెండు షరతులకి తారీఖ్‌లో ఆధారం లేదు. సూరత్ గల్లీల్లో మామూలు ఆడవాళ్ళు పెట్టుకున్న నాలుగు షరతులకి ఉంది. వాటిని చూపించిన సినిమా లేదు. మనం మొహబ్బత్ గల భర్త దొరికితే బరాబరీ దానంతటదే వస్తుందనుకుంటాం. దొరక్కపోతే? సూరత్ ఆడవాళ్ళ పెద్దలు ఆ సవాల్ ముందే వేసుకున్నారు. షరతు పెడితే మొహబ్బత్ తగ్గుతుందని వాళ్ళు అనుకోలేదు.

మా భాంజీ నికాహ్‌నామాని మర్నాడు తీయించి చూశాను. మెహర్ అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉంది. నా దస్తఖత్ ఉంది. దాని పైన ఒక షరతు రాసుకునేంత జాగా ఖాళీగా ఉంది. చదువు ఆపించొద్దనో, నౌకరీ మాన్పించొద్దనో రాయమని ఆమె అడిగి ఉండేదేమో. షాదీ అయ్యాక బీఎడ్ రెండో ఏడాది ఆగిపోయింది. అల్లుడు చెడ్డవాడేం కాదు. “చూద్దాం” అంటాడు, అంతే.

ఆమెకి ఫోన్ చేసి సూరత్ సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఛోటీకి సంబంధాలు చూస్తున్నరు కద మామూ, దాన్నన్న ముందు అడుగుండ్రి,” అంది.

అడుగుతాను. హాల్ బుక్ చేయకముందే, రుక్కాలు అచ్చు వేయకముందే, ఓ తెల్ల కాగితం పట్టుకుని ఛోటీ ముందు కూర్చుంటాను. మీ ఇళ్ళల్లో వకీల్‌గా వెళ్ళబోయే మామూలకి, చాచాలకి కూడా నా గుజారిష్ ఇదే.

ఖుదా హాఫిజ్.