“నువ్వెవరు?” అని డిస్కును అడగడం నేర్చిన కంప్యూటర్

భిలాయిలోని నెహ్రూనగర్‌లో మా అక్కయ్య ఇల్లు ఉంది. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగాల కోసం వచ్చి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో వారిదీ ఒకటి. ఒకసారి నేను వెళ్లేసరికి మేనల్లుడు కంప్యూటర్ ముందు దిగాలుగా కూర్చుని ఉన్నాడు.

“మామయ్యా, డి డ్రైవు మాయమైంది. డిస్కు చచ్చిపోయినట్టుంది. నాన్నగారి రిటైర్మెంటు ఫోటోలు, తాతయ్య మాటల రికార్డింగులు అన్నీ అందులోనే ఉన్నాయి” అన్నాడు. వాటికి మరో కాపీ లేదు. తాతయ్య ఇప్పుడు లేరు. విండోస్ వేరే డిస్కులో ఉంది కాబట్టి కంప్యూటర్ మాత్రం మామూలుగానే పనిచేస్తోంది.

“చచ్చిపోయిందని ఎవరు చెప్పారురా?” అని అడిగాను.

“కంప్యూటర్‌కు కనిపించడం లేదుగా మామయ్యా!”

చాలామంది పొరబడేది సరిగ్గా ఇక్కడే. కనిపించకపోవడమూ, చచ్చిపోవడమూ ఒకటి కావు. ఈ తేడా అర్థం కావాలంటే, అసలు కంప్యూటర్ డిస్కును ‘చూడటం’ ఎప్పుడు, ఎలా నేర్చుకుందో తెలుసుకోవాలి.

బీరువాను మించిన డిస్కు

భిలాయి ఉక్కు కర్మాగారం కోసం భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది 1955లో. ఆ మరుసటి ఏడాది, 1956లో, అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థ ‘రామాక్’ అనే కంప్యూటర్‌తోపాటు ప్రపంచంలోనే మొదటి హార్డ్ డిస్కును విడుదల చేసింది. అందులో 24 అంగుళాల వ్యాసం గల పళ్లేలు 50 ఉండేవి. బరువు దాదాపు ఒక టన్ను. ఇంతా చేస్తే అందులో పట్టేవి 50 లక్షల అక్షరాలు. ఈనాటి సెల్‌ఫోన్ తీసే ఒకటి రెండు ఫోటోలకే ఆ చోటు చాలదు!

ఆ పళ్లేల మీది పూత ఇనుప ఆక్సైడు. భిలాయికి దల్లీ-రాజహరా గనుల నుంచి వచ్చే హెమటైటు కూడా ఇనుప ఆక్సైడే. రెండింటి రసాయన సూత్రం ఒకటే. కాని స్ఫటిక నిర్మాణం వేరు. అందువల్లనే డిస్కు పూత అయస్కాంతత్వాన్ని బలంగా నిలుపుకుంటుంది, గనిలోని రాయి నిలుపుకోలేదు. ఆ పూత మీద చిన్న చిన్న అయస్కాంత గుర్తులుగా సమాచారం నమోదయ్యేది. ఇప్పటి డిస్కుల్లో ఆక్సైడుకు బదులు పలుచని కోబాల్టు మిశ్రలోహపు పొర ఉంటుంది.

ఆ రోజుల్లో డిస్కును గుర్తించడం కంప్యూటర్ పని కాదు. ఏ డిస్కును ఎక్కడ తగిలించారో యంత్రాన్ని అమర్చిన మనిషికి తెలుసు. ఆ వివరం కంప్యూటర్‌కు అందించవలసింది కూడా అతడే.

బ్యాటరీ అయిపోతే డిస్కు మాయం!

1980లో సీగేట్ సంస్థ ఎస్.టి.-506 అనే చిన్న డిస్కును తెచ్చింది. 5.25 అంగుళాల రకం, సామర్థ్యం 5 మెగాబైట్లు. 1983లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి. ఎక్స్.టి.తో 10 మెగాబైట్ల హార్డ్ డిస్కు బల్లమీది కంప్యూటర్‌లోకి చేరింది.

అయితే ఆ డిస్కులకు తమ గురించి తాము చెప్పుకొనే శక్తి లేదు. తనలో ఎన్ని వలయాలున్నాయో, వాటిని చదివే హెడ్లు ఎన్నో డిస్కు చెప్పలేదు. అందుకని 1984 నాటి పి.సి. ఎ.టి.లో ఒక ఉపాయం చేశారు. కంప్యూటర్‌ను మేల్కొలిపే బయోస్ ప్రోగ్రాములో డిస్కుల పట్టిక ఒకటి పెట్టి, ఒక్కో రకానికి ఒక్కో నంబరు ఇచ్చారు. మన డిస్కు నంబరును మనమే సెటప్‌లో ఎక్కించాలి. బ్యాటరీతో నడిచే సీమాస్ అనే చిన్న మెమరీలో ఆ నంబరు ఉండేది.

మరి బ్యాటరీ అయిపోతే? కంప్యూటర్ ఆ నంబరును మరచిపోతుంది. డిస్కు నిక్షేపంగా ఉంటుంది. అందులోని సమాచారం చెక్కు చెదరదు. అయినా యంత్రం దృష్టిలో డిస్కు లేనట్టే! కాబట్టి ఎప్పుడో రాసిపెట్టుకున్న చిన్న కాగితం ముక్క ఒక సంవత్సరం శ్రమను కాపాడగలిగేది.

డిస్కుకు నోరు వచ్చింది

1986 ప్రాంతంలో పెద్ద మార్పు వచ్చింది. కాంపాక్, వెస్టర్న్ డిజిటల్ వంటి సంస్థల కృషి వల్ల, డిస్కును నడిపే సర్క్యూటును డిస్కు మీదనే అమర్చారు. దీన్నే ఐ.డి.ఇ. అన్నారు. 1994లో ఇది ఎ.టి.ఎ. అనే పేరుతో ప్రమాణంగా వెలువడింది. ఇందులో ‘ఐడెంటిఫై’ అనే ఆదేశం ఉంది. కంప్యూటర్ “నువ్వెవరు?” అని అడుగుతుంది. డిస్కు తన మోడల్ పేరు, సీరియల్ నంబరు, సామర్థ్యం వగైరాలను 512 బైట్లలో జవాబుగా పంపుతుంది. ‘డిటెక్ట్’ కావడం అంటే ఇదే. అది ఒక సంభాషణ!

జవాబు చెప్పే ముందు డిస్కుకు చాలా పని ఉంది. విద్యుత్తు అందాలి, మోటారు తిరగాలి, పళ్లెం మీద ఉన్న తన సొంత ప్రోగ్రామును హెడ్లు చదవాలి. ఆ తరువాత జవాబు కేబుల్ గుండా చేరాలి. వీటిలో ఏ మెట్టు దగ్గర ఆగిపోయినా తెరమీద ఫలితం ఒకటే: డిస్కు లేదు.

ప్రతి కొత్త సదుపాయమూ ఒక కొత్త చిక్కును కూడా వెంట తెచ్చింది. ఐ.డి.ఇ.లో ఒకే కేబుల్‌కు రెండు డిస్కులు తగిలించవచ్చు. కాని ఒకటి మాస్టర్, రెండోది స్లేవ్ అని జంపర్లతో తేల్చాలి. రెండింటినీ మాస్టర్ చేస్తే రెండూ కనిపించకుండా పోవచ్చు. పాత బయోస్‌లు 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు దాటి లెక్కపెట్టలేకపోయేవి. సెక్టారుకు 512 బైట్ల చొప్పున గుణించి చూడండి. సుమారు 52.8 కోట్ల బైట్లు వస్తుంది. అంతకంటే పెద్ద డిస్కు వచ్చినప్పుడు తికమక మొదలైంది.

2003 నుంచి వాడుకలోకి వచ్చిన సాటా పద్ధతిలో ఒక్కో డిస్కుకు ఒక్కో సన్నని కేబుల్. మాస్టర్, స్లేవ్ గొడవ పోయింది. కాని తొలి సాటా కేబుళ్ల చివర గొళ్లెం లేదు. కేవలం బిగుతు మీదనే అవి నిలవాలి. తరువాత లోహపు గొళ్లెం ఉన్న కేబుళ్లు వచ్చాయి.

2016 నాటి సాటా ప్రమాణం మరో విచిత్రానికి దారితీసింది. విద్యుత్తు అందించే ప్లగ్గులోని మూడో పిన్నుకు పాత పవర్ సప్లైలు 3.3 వోల్టులు పంపేవి. కొత్త ప్రమాణాన్ని పాటించే కొన్ని డిస్కులకు అదే పిన్ను మీది వోల్టేజి “ఆగిపో” అనే సంకేతం. పవర్ సప్లై మంచిదే, డిస్కూ మంచిదే. అయినా రెండూ కలిస్తే మోటారు తిరగదు!

నెహ్రూనగర్‌లో ఏం చేశాం?

మేనల్లుడితో ఈ చరిత్రనంతా ముచ్చటించి, ఆ మెట్లనే వరసగా పరీక్షించాం. ప్రయోగశాలలో లాగా ఒకసారికి ఒక్క మార్పే చేయాలన్నది నియమం.

మొదటిది, డిస్కు తిరుగుతోందా? చెవి దగ్గరగా పెడితే సన్నని రొద వినిపించింది. అంటే విద్యుత్తు అందుతోంది. రొదకు బదులు టక్ టక్‌మని ఆగకుండా వినిపిస్తే వెంటనే కంప్యూటర్ ఆపేసి నిపుణుల దగ్గరకు వెళ్లాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ డిస్కు మూత తెరవకూడదు. రామాక్‌లో పళ్లేనికి, హెడ్‌కు మధ్య ఖాళీ సుమారు 20 మైక్రోమీటర్లు. ఇప్పుడది కొన్ని నానోమీటర్లే. ఆ సందులో దుమ్ము కణం కొండతో సమానం.

రెండోది, బయోస్‌కు కనిపిస్తోందా? జాబితాలో పేరు లేదు. కాబట్టి తప్పు విండోస్‌ది కాదు. ఒకవేళ బయోస్‌లో పేరుండి విండోస్‌లో లేకపోతే, డ్రైవ్ అక్షరం పోయి ఉండవచ్చు, లేదా ఫైళ్ల పట్టిక చెడి ఉండవచ్చు. అప్పుడు విండోస్ “ఫార్మాట్ చేయమంటారా?” అని అడిగితే ఒప్పుకోకండి. డిస్కు దక్కుతుంది, ఫోటోలు దక్కవు!

మూడోది కేబుల్. ప్లగ్గు తీసి, పెట్టె తెరిచి చూస్తే గొళ్లెం లేని పాత కేబుల్ ఒకవైపు కొంచెం వంగి కనిపించింది. పండుగకు ఇల్లు దులిపినప్పుడు పెట్టెను పక్కకు జరిపారట. గొళ్లెం ఉన్న మరో కేబుల్ తగిలించి ఆన్ చేశాం. బయోస్ జాబితాలో డిస్కు పేరు వచ్చింది. మరో పని చేయకుండా ముందు ఫైళ్లన్నిటినీ వేరే డిస్కుకు కాపీ చేశాం. ఆ రాత్రి అక్కయ్య, బావగారు తాతయ్య గొంతు విన్నారు.

“అయితే మామయ్యా, డిస్కు బాగానే ఉంది. దాని జవాబే మనకు చేరలేదన్నమాట” అన్నాడు మేనల్లుడు.

అవును. అందుకే, డిస్కు కనిపించనప్పుడు “పోయిందా?” అని కాక, “సంభాషణ ఎక్కడ ఆగింది?” అని అడగండి. అయితే ప్రతిసారీ అది కేబుల్ దగ్గరే ఆగదు. ఏదో ఒకనాడు ప్రతి డిస్కూ నిజంగానే ఆగిపోతుంది. మీకు విలువైనది ఏదైనా ఒక్క డిస్కులోనే ఉంటే, రెండో కాపీ ఈరోజే తీసి పెట్టుకోండి.