హిమేనా: రాతి మీద దొరికిన పేరు

ఉత్తర స్పెయిన్‌లోని ఓవియేదో నగరంలో, పెద్ద చర్చిలో ఒక శిలువ ఉంది. ఓక్ చెక్క మీద బంగారు రేకు తాపడం చేసి, రత్నాలు పొదిగినది. సా.శ. 908లో అస్తూరియాస్ రాజు మూడో అల్ఫోన్సో తన రాణితో కలిసి దాన్ని దేవుడికి సమర్పించాడు. వెనకవైపు చెక్కిన లాటిన్ వాక్యాల్లో రాజు పేరు పక్కనే రాణి పేరూ ఉంది: స్కెమేనా. నేడు స్పెయిన్‌లో ఆ పేరును హిమేనా అంటారు.

ఈ పేరు లాటిన్‌ది కాదు, గ్రీకుదీ కాదు. లాటిన్ లేఖకులకు అది కొరుకుడు పడలేదు. మొదట్లో ఉన్న ‘ష’ ధ్వనికి వాళ్ళ లిపిలో సరైన అక్షరమే లేదు. దాంతో ఎవరికి తోచినట్టు వాళ్ళు రాశారు. ఒక దస్తావేజులో సెమేనా, ఇంకోదాంట్లో ఎక్సిమినా, మరోచోట షెమేనా. మగవాళ్ళకు ఇదే పేరు షిమెనో. ఆ షిమెనో కొడుకులే నేడు స్పెయిన్ అంతటా వినిపించే హిమేనెథ్ ఇంటిపేరు వాళ్ళు.

పేరును ఊరూరా తీసుకెళ్ళింది మాత్రం ఒక వీరుడి భార్య. ఎల్ సిద్‌గా ప్రసిద్ధికెక్కిన రోద్రిగో దియాస్ 1099లో వలెన్సియాలో కన్నుమూశాడు. ముట్టడి ముంచుకొస్తున్నా అతని భార్య హిమేనా 1102 దాకా ఆ నగరాన్ని నిలబెట్టింది. ఆ దంపతుల కథ కావ్యమైంది. 1637లో ఫ్రెంచి నాటకకర్త కోర్నెయ్ చేతిలో ఆమె షిమెన్ అయింది. 1961 నాటి హాలీవుడ్ చిత్రంలో ఆ పాత్రను సోఫియా లారెన్ ధరించింది.

ఇంత పేరున్న పేరుకు అర్థం ఏమిటంటే, పండితులు చాలాకాలం ఒకటే జవాబు చెప్పారు. ఇది బైబిల్లోని సిమెయోను పేరేననీ, హీబ్రూలో ‘విన్నాడు’ అని దాని భావమనీ అన్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ ఈ పేర్లు మధ్యయుగంలో గుంపుగా కనబడేది పాంప్లోనా చుట్టుపక్కల, అంటే బాస్క్ భాష మాట్లాడే నేలలో. అక్కడి రాజవంశాన్నే చరిత్రకారులు హిమేనా వంశం అంటారు. ఒక బైబిల్ పేరు ఆ మూలనే అంతగా ఎందుకు పాతుకుపోయింది? దీనికి ఆ జవాబులో సమాధానం లేదు.

మొదటి దారి ఫ్రాన్స్‌లో దొరికింది. పిరనీస్ కొండల ఉత్తరపు వాలులో రోమన్ల కాలపు సమాధిరాళ్ళు, మొక్కుబడి రాళ్ళు చాలా ఉన్నాయి. వాటి మీద లాటిన్ వాక్యాల నడుమ లాటిన్ కాని పేర్లు కనిపిస్తాయి. 1877లో అషీల్ లూషేర్ అనే చరిత్రకారుడు వాటిని పట్టుబట్టి చదివి, ఆ ప్రాంతంలో, అంటే రోమన్ల నాటి అక్విటేనియాలో, మాట్లాడిన పాత భాష బాస్క్‌కు దగ్గరి బంధువని చూపించాడు. రాళ్ళ మీద నెస్కాటో అని ఉంటే, బాస్క్‌లో ఆడపిల్లను నెస్కాటో అంటారు. అండెరె అని ఉంటే, బాస్క్‌లో అది ఇల్లాలు. ఆ పేర్లలోనే ‘సెంబె’ అనే ముక్క పదేపదే వస్తుంది. దాని సంగతి తేలడానికి మరో మనిషి రావాల్సి వచ్చింది.

ఈలోగా స్పెయిన్‌లో ఈ పేరుతో ముడిపడిన ముచ్చట ఒకటి జరిగింది. 1900 మే నెలలో రమోన్ మెనెందెస్ పిదాల్, మరియా గోయ్రి అనే కొత్త దంపతులు పెళ్ళియాత్రకు బయల్దేరారు. ఇద్దరూ సాహిత్య పరిశోధకులే. అందుకే వాళ్ళు ఎంచుకున్నది ఎల్ సిద్ కావ్యంలో వీరుడు నడిచిన దారి. మే 28న సంపూర్ణ సూర్యగ్రహణం చూద్దామని ఓస్మాలో ఒకరోజు అదనంగా ఆగారు. అక్కడ బట్టలుతికే ఒక ఆవిడ పాట పాడుతుంటే మరియా చెవి నిక్కబొడుచుకుంది. అది 1497లో చనిపోయిన యువరాజు హువాన్ మీద కట్టిన పాట. నాలుగు శతాబ్దాలుగా జనం నోట బతికే ఉంది! గ్రహణం కోసం ఆగకపోతే ఆ పాట వాళ్ళ చెవిన పడేదే కాదు. దంపతులు జీవితాంతం అలాంటి పాటలు సేకరించారు. మరుసటి ఏడు పుట్టిన కూతురికి హిమేనా అని పేరు పెట్టారు.

చిక్కుముడి విప్పిన మనిషి కోల్డో మిచెలేనా. 1915లో రెంటేరియాలో పుట్టిన బాస్క్ యువకుడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఓడిన పక్షాన పట్టుబడ్డాడు. మరణశిక్ష పడింది, తర్వాత అది జైలుశిక్షగా మారింది. 1943లో బయటికొచ్చి, 1946లో మళ్ళీ లోపలికి వెళ్ళాడు. 1948లో విడుదలయ్యేసరికి యౌవనంలో మంచి ఏళ్ళన్నీ గోడల మధ్యనే గడిచిపోయాయి. అయినా చదువు వదలలేదు. జైల్లో తోటి ఖైదీల్లో ఉన్న విద్వాంసుల సాంగత్యాన్ని వాడుకున్నాడు. బయటపడ్డాక లూషేర్ చదివిన రాళ్ళనే మళ్ళీ ముందేసుకున్నాడు.

ఒక్క పేరునే పట్టుకుని ఊహించడం ఆయన పద్ధతి కాదు. ధ్వనులు ఏ వరసలో మారాయో ముందు తేల్చాలి. పాత ‘ంబ’ తర్వాతి బాస్క్‌లో ‘మ’గా మారిందని ఆయన గమనించాడు. రాళ్ళమీది ‘ఓంబె’ నేటి బాస్క్‌లో ‘ఉమె’, అంటే బిడ్డ. అదే లెక్కన ‘సెంబె’ నేటి ‘సెమె’, అంటే కొడుకు. ముద్దుగా పిలిచేటప్పుడు ‘స’ను ‘ష’గా పలకడం బాస్క్‌లో అలవాటు. సెమెనో షెమెనో అయింది, స్త్రీ రూపం షెమేనా అయింది. ఓవియేదో శిలువ మీద లేఖకుడు రాయడానికి తంటాలుపడ్డది ఈ ధ్వనినే. కాలక్రమంలో స్పానిష్‌లో ఆ ‘ష’ గొంతులోంచి వచ్చే ‘హ’గా మారింది. 1815లో స్పెయిన్ భాషా అకాడమీ ఆ ధ్వనికి అక్షరం మార్చింది. మెక్సికోలో మాత్రం చాలామంది పాత అక్షరాన్నే ఉంచుకున్నారు.

ఒకప్పుడు పాతకాలపు పేరు అనిపించుకున్న హిమేనా ఈ శతాబ్దంలో మళ్ళీ ఊపందుకుంది. మెక్సికోలో ఆడపిల్లలకు ఎక్కువగా పెట్టే పేర్లలో ఒకటైంది, స్పెయిన్‌లోనూ తిరిగి పుంజుకుంది. పేర్ల పుస్తకాలు చాలావరకు ఇంకా సిమెయోను కథనే అచ్చువేస్తున్నాయి. భాషావేత్తల మొగ్గు మాత్రం సెమె వైపే. ఏ పేరుకైనా అర్థం వెతికేటప్పుడు పుస్తకంలో దొరికిన మొదటి జవాబుతో ఆగకండి. ఆ పేరు మొదట ఏ నేల మీద, ఏ భాష వాళ్ళ నోట వినబడిందో చూడండి.