జకార్తాలో మన తంగరాజ్

హైదరాబాద్ ఫుట్‌బాల్ వైభవం గురించి మాట వస్తే చాలు, పాతతరం వాళ్లు కోచ్ రహీం సాబ్‌తో మొదలుపెడతారు. 1950 నుంచి 1954 దాకా సిటీ పోలీస్ జట్టు వరసగా ఐదుసార్లు గెలిచిన రోవర్స్ కప్పును గుర్తుచేసుకుంటారు. ఆ తర్వాత సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు బలరాం. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ పేరు ఎప్పుడో చివర్లో వస్తుంది. ముందు వరసలో రావలసిన పేరు అది.

1935లో హైదరాబాద్‌లో పుట్టిన తంగరాజ్ మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బుల్లో ఆడుతూ ఎదిగారు. 1953లో సైన్యంలో చేరి, నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టుకు వెళ్లారు. మొదట్లో ఆయన సెంటర్ ఫార్వర్డ్! గోల్స్ కొట్టే మనిషి గోల్ కాయడానికి మారారు. ఆ జట్టు 1955లోనూ 1958లోనూ డ్యూరాండ్ కప్పు ఎగరేసుకుపోయింది. 1958లోనే ఆయన ఆసియా ఉత్తమ గోల్‌కీపర్ అనిపించుకున్నారు. 1960లో ఆయన సారథ్యంలో సర్వీసెస్ తొలిసారి సంతోష్ ట్రోఫీ గెలిచింది.

ఆనాటి బంతి తోలుది. వానలో తడిస్తే నీళ్లు పీల్చుకుని బరువెక్కేది. కార్నర్ కిక్ గాల్లోకి లేచిందంటే ముందుకు దూకాలా, గీత మీదే ఆగాలా అన్నది రెప్పపాటులో తేల్చుకోవాలి. బయటికొచ్చి బంతి అందకపోతే వెనక ఖాళీ గోల్! ఆరడుగులు దాటిన తంగరాజ్‌కు ఆ ఎత్తే పెద్ద అండ.

ఆ అండ అక్కరకొచ్చింది 1962 ఆసియా క్రీడల్లో. జకార్తాలో తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో మనవాళ్లు 0-2తో ఓడారు. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో, సెమీస్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో ఓడించి ఫైనల్‌కు చేరితే ఎదురుగా మళ్లీ కొరియానే. ఫ్లూతో పక్కన ఉండిపోయిన తంగరాజ్ కోలుకోగానే, ప్రద్యుత్ బర్మన్ స్థానంలో ఆయన్నే నిలబెట్టారు జట్టు కోచ్ రహీం. ఫైనల్ లాంటి మ్యాచ్‌కు గోల్‌కీపర్‌ను మార్చాలంటే ఎంత గుండె ధైర్యం కావాలి! ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వని ఇండోనేషియా తీరును భారత అధికారి సోంధీ విమర్శించడంతో స్టేడియం అంతా మనపై కోపంగా ఉంది. సెప్టెంబర్ 4న ఆ లక్షమంది హోరులో పీకే బెనర్జీ, తలకు కుట్లతోనే ఆడిన జర్నైల్ సింగ్ తొలి ఇరవై నిమిషాల్లోనే చెరో గోల్ కొట్టారు. ఇక మిగిలిందంతా కాచుకోవడమే. ఆట ముగియడానికి ఐదు నిమిషాల ముందు కొరియా ఒకటి కొట్టగలిగింది. రెండోది తంగరాజ్ పోనివ్వలేదు. స్వర్ణం మనదైంది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.

తంగరాజ్ 1960లో రోమ్ ఒలింపిక్స్‌లోనూ ఆడారు. కలకత్తాలో మహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మూడు జట్లకూ ఆడారు. ఆ నగరంలో బద్ధ ప్రత్యర్థులైన ఆ మూడు జట్లూ తమ గోల్‌ను ఒకే మనిషి చేతిలో పెట్టడం కన్నా మెచ్చుకోలు ఏముంటుంది? 1967లో అర్జున అవార్డు వచ్చింది. ఆట మానాక కోచ్‌గా పనిచేసి, బొకారోలో స్థిరపడి, 2008 నవంబర్‌లో అక్కడే కన్నుమూశారు.