టాప్ స్టేషన్ అను పేరు వెనుక

మున్నారు అను పేరు తెలుగువాని చెవికి పూర్తిగా పరాయిది కాదు. మనము ఏఱు అనుదానిని అచ్చటివారు ఆఱు అందురు. ముతిరప్పుళ, నల్లతణ్ణి, కుండల అను మూడేఱులు కలియు చోట వెలసినది గనుక ఆ యూరికి ఆ పేరు వచ్చినది. కేరళదేశమున ఇడుక్కి జిల్లాయందలి యీ కొండయూరికి పోవు యాత్రికులు రెండుమూడు దినములలో చూచి వచ్చు చోట్లు ఇంచుమించుగా అందఱికిని ఒక్కటే: మాట్టుపెట్టి సరస్సు, కుండల, రాజమల, తుదకు టాప్ స్టేషన్. ఆ తుది చోట కొండయంచున నిలిచి, దిగువనున్న తమిళ మైదానములను మేఘములు కప్పుటయు విప్పుటయు చూచి మైమఱచువారు వేలకొలది కలరు గాని, ఇచ్చట ఏ బండి ఆగెడిది, దేనికిది పైస్టేషను అని అడుగువారు అరుదు. ఈ యూరి యందములలో పెక్కు ఒకప్పటి పనిచోట్లే యని నాకు మొదట తెలిపినది ఆ పేరే.

తేయాకు రాకపూర్వము ఈ కొండలు ముతువానులు అను గిరిజనులవి. తమ పెద్దలు మధుర ప్రాంతమునుండి బిడ్డలను, దైవమును వీపున మోసికొని యెక్కివచ్చిరని వారు చెప్పుకొందురు. బోడినాయకనూరును తెలుగు నాయకులు వశపఱచుకొనుటయే ఆ వలసకు కారణమని పేర్కొను ఐతిహ్యము కూడ ఒకటి కలదు. మనవారి జైత్రయాత్రలను చదివి పొంగిపోవునపుడు, ఆ గెలుపు మూలమున ఇల్లు విడిచి అడవిపాలైన కుటుంబములను కూడ తలచుట ధర్మమని నాకు తోచును.

1877లో జాన్ డేనియల్ మన్రో అను దొర పూంజారు రాజునొద్ద ఈ కణ్ణన్ దేవన్ కొండలను పట్టాగా పొందెను. రెండేండ్లకు తోటల పెంపకమునకై ఒక సంఘము ఏర్పడెను. వారు కాఫీ వేసిరి, సింకోనా వేసిరి, కిత్తనారయు వేసిరి. 1880లో ఎ. హెచ్. షార్ప్ అనునాతడు పార్వతి యనుచోట సుమారు 50 ఎకరములలో నాటిన తేయాకు మాత్రమే ఈ చలికి, ఈ వానకు, ఈ వాలుకు తగినదై నిలిచినది. 1897 నాటికి ఫిన్లే మ్యూర్ వారి పెట్టుబడితో కణ్ణన్ దేవన్ హిల్స్ ప్రొడ్యూస్ కంపెనీ వెలసి, తోటలన్నియు క్రమముగా దాని చేతికి వచ్చెను.

అయితే ఆకు పండించుట ఒక యెత్తు, కొండ దింపుట ఒక యెత్తు. 1902లో కుండల లోయ వెంబడి ఒంటిపట్టా రైలు వేసిరి. పట్టా ఒక్కటే, బండి బరువు దానిమీదనే మోపి, పక్కకు ఒరగకుండ ఒక పెద్ద చక్రమును బాటపై దొరలునట్లు అమర్చగా, దానిని ఎడ్లు లాగుచుండెను. ఒక వైపు ఉక్కుపట్టా, ఒక వైపు మట్టిబాట, ముందు ఎడ్లజత: ఆ నాటి ప్రపంచమంతయు ఆ బండిలో నిమిడియున్నట్లు నాకు తోచును. 1908లో దానిని తీసివేసి రెండడుగుల వెడల్పు గల చిన్న రైలుమార్గము పఱచి ఆవిరియంత్రములను నడపిరి. మున్నారునుండి మాట్టుపెట్టి మీదుగా ఆ రైలు ఎక్కి ఆగు చోటే టాప్ స్టేషన్. అచ్చటినుండి తేయాకు పెట్టెలు ఆకాశమున కట్టిన తాళ్లమార్గమున వ్రేలాడుచు కొట్టగుడికి దిగెడివి; అది బాటమ్ స్టేషన్. ఆపైన ఎడ్లబండ్లపై బోడినాయకనూరునకును, తుదకు తూత్తుకుడి రేవునకును, అటనుండి ఓడలో ఇంగ్లండునకును పోవుచుండెను.

1924 జూలై మాసమున వాన పట్టి విడువలేదు. మలయాళ సంవత్సరము 1099 అగుటచే, కేరళమున ముసలివారు దానిని నేటికిని తొంబదితొమ్మిదినాటి వెల్లువ యందురు. కొండచరియలు విఱిగి మాట్టుపెట్టి వద్ద రెండు కొండల నడుమ అడ్డుపడగా నీరు నిలిచి, ఆ మట్టికట్ట తెగి, ఊరిమీద పడెను. పట్టాలు, వంతెనలు, స్టేషనులు ఒక్క దెబ్బకు పోయినవి. ఆ రైలును మరల ఎవ్వరును వేయలేదు. మిగిలిన స్టేషను భవనము ఒకటి మున్నారులో తేయాకు కంపెనీ కార్యాలయమై నిలిచియున్నది. ఆ లోయకే పిమ్మట, పల్లివాసల్ విద్యుత్కేంద్రమునకు నీరందించుటకై, గట్టి ఆనకట్ట కట్టిరి; యాత్రికులు పడవలలో విహరించు సరస్సు అదియే. ఆ నీటిపై పడవలో కూర్చుండినపుడు నాకు ఆ మట్టికట్ట తెగిన దినమే మనసున మెదలినది.

త్రోవప్రక్కన చల్లని సువాసన విసరు యూకలిప్టస్ తోపులు కూడ విలాసమునకై పెంచినవి కావు. ఆకును ఆరబెట్టు పొయ్యిలకు కట్టెలకై నాటినవి. రాజమల గడ్డిమైదానములు మాత్రము తేయాకునకు లొంగలేదు. దొరలు వేటకై కాచుకొనిన ఆ మెట్టలు 1978లో ఇరవికుళం జాతీయోద్యానమై, వరయాడు అను కొండమేకలకు ఆశ్రయమైనవి. 12 ఏండ్లకొకమారు అచ్చట నీలకురింజి పూచును. 2006లో పూచినది, 2018లో పూచినది.

ఇంతటి పచ్చదనమును నిలిపినవారు ఎవ్వరు? మధుర, తిరునెల్వేలి ప్రాంతముల కఱవునేలలనుండి కంగాణీలు అను కూలిమేస్త్రులు తోడ్కొనివచ్చిన తమిళ కూలీలు. తేయాకుమొక్కను దాని మానాన విడిచిన చెట్టై పెరుగును. నడుమెత్తున తివాచీవలె కనబడుట మనుష్యుని కత్తి చేసిన పని. ఒకనాటి ఉదయమున ఒక యిల్లాలు ఆకు కోయుచుండగా దగ్గఱనుండి చూచితిని. నడుమునకు మందపు పట్ట చుట్టుకొని, తడిసిన కొమ్మలు దానికి రాచుకొనుచుండగా, ఆమె రెండాకులు మొగ్గ చూపుతో గాక వ్రేళ్లతోనే ఎంచుచుండెను. చూపు కాలిక్రింది వాలుమీద నుండెను. బొటనవ్రేలి ప్రక్క చర్మము ఆకుపసరుతో నల్లబడి, పగిలి, ఆ పగుళ్లలో మరల పసరు నిండియుండెను. అట్టి స్త్రీలే 2015లో కార్మికసంఘముల నాయకులను పక్కకు నెట్టి, బోనసునకై, కూలికై రహదారిపై కూర్చుండి, బోనసు విషయమున తమ మాట నెగ్గించుకొనిరి.

వారి నివాసములను లయములందురు. ఒకే కప్పుక్రింద వరుసగా చిన్న చిన్న గదులు. 2020 ఆగస్టు 6 రాత్రి, రాజమలకు సమీపమున పెట్టిముడి వద్ద, కొండ విఱిగి అట్టి లయముల వరుసలపై పడగా 70 మంది పోయిరి. రాజమల చూడబోవు యాత్రికుడు ఆ చాయల కూడ ఒక నిమిషము నిలువవలెనని నా ప్రార్థన.

టాప్ స్టేషన్‌లో నేను తేనీరు త్రాగిన దుకాణపు ముసలివానిని, తాళ్లమార్గము ఎటు దిగెడిదని అడిగితిని. ఆయన గ్లాసు క్రిందపెట్టి, అంచువఱకు నడిపించుకొనిపోయి, మంచులోనికి చేయి చాచెను. నాకేమియు కనబడలేదు. “ఆగుము, తొలగును” అనెను. కొంతసేపటికి మంచు విడి, పాతాళమున కొట్టగుడి కప్పులు రెండుమూడు మెఱసినవి.