గంగాళం ఎవరిది?

మద్యం గురించి స్త్రీల పత్రికలో రాయడం మన దగ్గర అంత తేలిక కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించిన జ్ఞాపకం మన వెంటే ఉంది. అయినా ఇంగ్లీషు సాహిత్యం చదువుకుంటున్నప్పుడు తారసపడిన ఒక మాట నన్నీ చరిత్రలోకి లాక్కెళ్ళింది. 'బ్రూస్టర్'. ఇవాళ ఇంటిపేరుగా మిగిలిన ఈ మాట చివరి 'స్టర్' పాత ఇంగ్లీషులో స్త్రీలింగ ప్రత్యయం. స్పిన్‌స్టర్ నూలు వడికే ఆవిడ, బ్రూస్టర్ ఏల్ కాచే ఆవిడ.

ఏల్ అంటే హాప్స్ పువ్వు వెయ్యని పాతకాలపు బీరు. బార్లీని నానబెట్టి, మొలక కట్టించి, ఎండబెట్టి, బరకగా విసురుతారు. పిల్లలకి రాగి మాల్ట్ చేసినవాళ్ళకి ఇంతవరకూ తెలిసిందే. ఆ నూకని సుమారు 65 డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు ఉంచితే మొలకలో పుట్టిన ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. నీళ్ళు మరీ కాగి ఉంటే ఎంజైములు చచ్చిపోతాయి, చల్లారితే పని సాగదు. తర్వాత ఆ తియ్యటి నీళ్ళని గంజి వార్చినట్టు వార్చి, పులియబెట్టాలి. నేర్పంతా వేడి నిలపడంలోనూ, పొట్టు అడ్డుపడకుండా వార్చడంలోనూ ఉంది.

13వ శతాబ్దపు ఇంగ్లండులో దీనికి కావలసిందల్లా ఒక గంగాళం, చెక్క తొట్టి, తెడ్డు, వడకట్టేందుకు ఏదో ఒకటి. ఏల్ కొద్దిరోజుల్లోనే పాడవుతుంది కనక ఇంట్లోకి పోగా మిగిలింది ఇరుగుపొరుగుకి అమ్మేవాళ్ళు. ఇదంతా మనకి తెలిసింది జరిమానాల పుణ్యాన! ఏల్ ధరనీ కొలతనీ కట్టడి చేసే శాసనం కింద స్థానిక కోర్టులు రాసిన పట్టీల్లోంచి చరిత్రకారిణి జుడిత్ బెనెట్ ఈ స్త్రీలని వెతికి తీశారు. ఆమె పుస్తకం 1996లో వచ్చింది. 1300 ప్రాంతంలో ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల్లో ఉన్న పని 1600 నాటికి మగవాళ్ళదైపోయింది.

ఒక్కరోజులో ఎవరూ వాళ్ళని వెళ్ళగొట్టలేదు. 1348-49 ప్లేగు తర్వాత కొనుక్కు తాగేవాళ్ళు పెరిగారు. సముద్రం అవతలి నుంచి హాప్స్ వేసిన బీరు వచ్చింది. అది నెలల తరబడి నిలవుంటుంది. నిలవుండే సరుకుకి పెద్ద రాగి బానలు, పీపాలు, కూలీలు, అప్పు కావాలి. పెళ్ళయిన స్త్రీకి సాధారణంగా తన పేరున ఒప్పందం చేసుకునే హక్కే లేదు, అప్పెవరిస్తారు? అలాగని అంతకుముందు స్వర్ణయుగమేమీ లేదనీ, అది గౌరవమూ లాభమూ తక్కువైన చాకిరీయేననీ బెనెట్ గట్టిగానే చెబుతారు. ఆ మాట నాకు నచ్చింది. మన దూబగుంట దుకాణంలో సరుకూ వంటింటిది కాదు, ప్రభుత్వ వేలంలో హక్కులు కొనుక్కున్న కాంట్రాక్టర్లది.

మార్జరీ కెంప్ ఈ మార్పు నడిమధ్య మనిషి. లిన్ పట్టణంలో మూడు నాలుగేళ్ళు పెద్ద ఎత్తున ఏల్ కాచి, డబ్బంతా పోగొట్టుకుంది. పైకి పొంగిన నురగ ఉన్నట్టుండి పడిపోయేదట. అది తన గర్వానికి దేవుడు వేసిన శిక్ష అనుకుంది. 1430లలో ఆమె చెప్పి రాయించిన పుస్తకాన్ని ఇంగ్లీషులో తొలి ఆత్మకథ అంటారు. 1934లో బయటపడ్డ ఆ రాతప్రతిని గుర్తించిందీ ఒక స్త్రీయే, హోప్ ఎమిలీ అలెన్. మన పరిశోధకులు ఆ పుస్తకంలో భక్తిని చదివినంతగా ఈ నురగని చదవరు.

అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడానికి 1978లో చట్టం అనుమతించింది. పెద్దవాళ్ళు ఇద్దరున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్లు. అక్కడ స్థిరపడిన మా మరిది గరాజులో సొంతంగా చేసుకున్న సామాను చూశాను. పిక్నిక్ ఐస్ పెట్టె వేడి నిలుపుతుంది. దాని అడుగున రంపంతో గాట్లు పెట్టిన రాగి గొట్టం, బయటికి ఒక కుళాయి. గాట్లు కిందివైపు ఉంటాయి. పొట్టే పరుపులా పేరుకుని తనని తాను వడకట్టుకుంటుంది. పైనుంచి మళ్ళీ వేడినీళ్ళు పోసి మిగిలిన తీపి రాబడతాడు. కడుగుడు కూడా తనదేనట, తోటికోడలు ముందే షరతు పెట్టింది.

తనది ఇంజనీరింగ్ అన్నాడు మరిది. ఫిన్లండు పల్లెల్లో 'సాహ్తి' అనే బీరుని 'కూర్నా'లో వారుస్తారని చెప్పాను. అది దుంగ తొలిచిన దోనె. అడుగున గడ్డి, జూనిపర్ రెమ్మలు పరుస్తారు. సాహ్తి కాచడం చాలాకాలం ఇంటి ఆడవాళ్ళ పని. రాగి గొట్టం చేసేది ఆ రెమ్మల పనే. మరిది కాసేపు ఆలోచించి, రెమ్మలు ఎంత మందాన పరుస్తారని అడిగాడు.