సురక్షితం అంటే దేన్నుంచి?

చలికాలం వస్తే మా వైశాలిలో కిటికీ తెరవాలంటే భయం. బయటంతా పొగ. అందుకని అన్నీ బిగించుకుని, లోపల తివాచీ మీద మరకల మందు కొట్టి, "డబ్బా మీద సురక్షితం అని రాశాడుగా" అనుకుంటాం. దాని మీదే పిల్లలు పాకుతుంటారు. ఆ 'సురక్షితం' అనే మాటకి పెద్ద చరిత్రే ఉంది.

పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్‌లో జిడ్డు మరకలకి టర్పెంటైన్, బెంజీన్, పెట్రోలు వాడేవాళ్ళు. మరకలు పోయేవి, కానీ ఎప్పుడు నిప్పంటుకుంటుందో తెలిసేది కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కార్బన్ టెట్రాక్లోరైడ్ వచ్చింది. ఇది మండదు సరికదా, మంటలార్పడానికీ వాడారు. ఇంతకన్నా భద్రత ఏం కావాలి? తీరా చూస్తే దాని ఆవిరి కాలేయాన్నీ, మూత్రపిండాల్నీ దెబ్బతీస్తుందని తేలింది. ఇంటి సరుకుల్లో దాన్ని అమెరికా 1970లో నిషేధించింది. దాని చోటు ఆక్రమించిన పెర్‌క్లోరోఎథిలీన్‌ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో, మనుషులకి బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది.

అంటే, వెనకటి ప్రమాదం లేకపోవడాన్నే ప్రతి తరమూ సురక్షితం అనుకుందన్నమాట.

ఇప్పుడు కొత్త మాట 'సహజం, కెమికల్స్ లేనిది'. నీళ్ళు కెమికల్ కాదా? కుంకుడుకాయలో నురగ తెప్పించేవి సాపోనిన్లనే రసాయనాలు. అవి కంట్లో పడితే ఎలా ఉంటుందో తలంటు పోసుకున్నవాళ్ళకి వేరే చెప్పాలా! ఇక వంటసోడా, వెనిగర్ కలిపి పొంగిస్తే, ఒకదాన్నొకటి విరుచుకుని చివరికి మిగిలేది లవణం కలిసిన నీళ్ళే.

మరేం చెయ్యాలి? మురికిలో చాలా భాగం పొడి దుమ్మే. దానికి మన పెద్దవాళ్ళ పద్ధతే మేలు: ఎండలో వేసి, కర్రతో దులపడం. ఏదైనా ఒలికితే రుద్దకుండా పొడిగుడ్డతో అద్దాలి. తర్వాత నీళ్ళలో కాస్త సబ్బు కలిపి, ముందు ఓ మూల పరీక్షించి, తుడిచి, ఫ్యాన్ కింద బాగా ఆరబెట్టాలి. తడి నిలిస్తే బూజు పడుతుంది. మందు తప్పదనుకుంటే పొగ పల్చబడిన రోజు దాకా ఆగి, కిటికీలు తెరిచి, చెప్పిన కొలతలోనే వాడండి. ఆరేదాకా పిల్లల్ని రానివ్వకండి. బ్లీచ్‌ని యాసిడ్‌తో గానీ అమ్మోనియాతో గానీ ఎప్పుడూ కలపొద్దు, విషవాయువులు పుడతాయి. ఉన్ని తివాచీ జోలికైతే బ్లీచ్ అసలే వద్దు, ఉన్నిని తినేస్తుంది.

ఈసారి డబ్బా మీద 'సురక్షితం' కనిపిస్తే మూడు ప్రశ్నలు వెయ్యండి: దేన్నుంచి? ఎవరికి? ఎంత మోతాదులో?