గోడ మీద గీతలు

మా అమ్మ వంటింటి గుమ్మం పక్కన గోడంతా బొగ్గుగీతలే వుండేవి. పాలు పోసిన రోజున ఒక నిలువుగీత, పాలవాడు రాని రోజున ఒక సున్నా, చుట్టాలొచ్చి అదనంగా పోయించుకుంటే గీత పక్కన ఒక చుక్క. నెలాఖరుకి పాలవాడు "ముప్ఫై రోజులమ్మా" అంటే, అమ్మ మాట్లాడకుండా గోడకేసి చెయ్యి చూపించేది. "ఇరవయ్యేడు. నువ్వే లెక్కపెట్టుకో" అనేది. ఆ గోడ ముందు ఎంతటి నోరున్నవాడైనా నోరు మెదిపేవాడు కాదు. సంక్రాంతికి వెల్ల వేయించినప్పుడు మాత్రం ఏడాది చరిత్రంతా సున్నం కిందకి పోయేది. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కదా, ఇప్పుడు తల్చుకుంటే ఒక శాసనాన్ని చేజేతులా చెరిపేసుకున్నట్టు అనిపిస్తుంది.

ఇంతకీ ఆ గోడ నాకు మళ్ళీ జ్ఞాపకం రావటానికి కారణం మా మరదలు. మా ఇల్లూ, మా తమ్ముడి ఇల్లూ సీతాఫల్‌మండిలోనే. ఇటు రైలుకూత, అటు యూనివర్సిటీ చెట్లగాలి. పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచి రావటం నా అలవాటు. 1939లో ప్రారంభమైన ఆ గులాబిరంగు రాతి మేడని ఒకసారి చూసి రాకపోతే తాగిన కాఫీ కూడా తాగినట్టుండదు. ఒకరోజు అలా నడిచి వచ్చి గేటు తీస్తున్నానో లేదో, మరదలు ఎదురొచ్చింది. ముఖం వాడిపోయి వుంది. చేతులకేసి చూస్తే మట్టిగాజులు తప్ప మరేం లేవు.

"వదినా, మీ తమ్ముడితో అననంటే ఒక మాట చెప్తాను" అంది.

అననన్నాను. చెప్పింది. ఆవిడ కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వులపొడి చేసి అమ్ముతుందని మా వీధిలో అందరికీ తెలుసు. పక్కవాటాలో వుండి క్యాంపస్‌లో చదువుకునే కుర్రాడు ఒక వెబ్‌సైట్ తయారుచేసి పెట్టాడు. ఎవరో ఇంటర్నెట్‌లో ప్రకటన ఇమ్మన్నారట. నెలకి నాలుగువేల చొప్పున అయిదు నెలలు ఇచ్చింది. పొడుల మీద వచ్చింది చాలక, రెండు బంగారు గాజులు కుదువపెట్టింది.

"జనం వస్తున్నారనే చూపిస్తోంది వదినా. డబ్బాలు మాత్రం వున్నచోటే వున్నాయి" అంది, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

"వచ్చినవాళ్ళు ఎటునుంచి వచ్చారు? ఎక్కడిదాకా వచ్చి వెనక్కి తిరిగారు? లెక్కేమైనా వుందా?" అన్నాను.

లేదంది. గోడ మీద గీతలు పెట్టలేదన్నమాట!

పక్కవాటా అబ్బాయిని పిలిపించాను. "ఆంటీ, దానికి పైసలేం పెట్టే పని లేదు. అనలిటిక్స్ అని ఉంటది, ఫ్రీగనే. నేను పెడతనంటే అక్కనే వద్దన్నది, లెక్కలంటే భయమని" అన్నాడు. చెయ్యమన్నాను. వాడు వెంటనే మొదలుపెట్టాడు గాని, నాకు మాత్రం రాత్రి నిద్రపట్టలేదు. ఊరికే ఇచ్చే ఈ లెక్క ఎక్కడ పుట్టింది, ఎలా పెరిగింది అని పుస్తకాలూ ఇంటర్నెట్టూ తిరగేస్తూ కూర్చున్నాను. పాతలవాట్లు పోతాయా మరి!

ప్రకటన ఇవ్వటం మనవాళ్ళకేమీ కొత్త కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత కచేరీలకి వచ్చినవాళ్ళకి ఆ మందు ఊరికే పంచిపెట్టేవారని చెప్పుకుంటారు. పక్కవాళ్ళు రాసుకుంటుంటే ఆ ఘాటు మనదాకా రాకుండా వుంటుందా? అంతకు మించిన ప్రకటన ఏముంది! 1908లో ఆయనే అక్కడ ఆంధ్రపత్రిక వారపత్రిక పెట్టారు. 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. సరుకు అమ్మేవాడికి నలుగురి చెవినీ వెయ్యటం ఎంత అవసరమో ఆయనకి తెలిసినట్టుగా ఇంకొకరికి తెలుసునా అనిపిస్తుంది.

అయితే ప్రకటన చూసి ఎవరు కొన్నారో తెలిసేదెలా? ఆ రోజుల్లో ఆ లెక్క తపాలా శాఖ దగ్గర వుండేది. మన దేశంలో వీ.పీ. పార్సిళ్ళు 1877లోనూ, మనియార్డర్లు 1880లోనూ మొదలయ్యాయి. ఊరి పేరు, మనిషి పేరు ఫారం మీదే వుంటాయి. ఎక్కడ అమ్ముడుపోతోందో దాన్ని బట్టి తెలుస్తుంది. ఏ పత్రికలో వేసిన ప్రకటన పనిచేసిందో తెలుసుకోవాలంటే మాత్రం ఇంకో కిటుకు కావాలి. అదే కూపను. ఒక్కో పత్రికలో వేసే కూపను మీద ఒక్కో గుర్తు వేస్తారు. ఏ గుర్తు కూపన్లు ఎక్కువ తిరిగొస్తే ఆ పత్రికకే మళ్ళీ డబ్బు కడతారు. అమెరికాలో క్లాడ్ హాప్కిన్స్ అనే ఆయన 1923లో 'సైంటిఫిక్ అడ్వర్టైజింగ్' అని పుస్తకమే రాశాడు. వూహల మీద డబ్బు పొయ్యకండి, కూపన్లు లెక్కపెట్టుకోండి అన్నది అందులో సారాంశం. వారపత్రికల్లో "ఈ కూపను కత్తిరించి పంపండి" అన్న గళ్ళు చూసి, వెనకవైపు సీరియల్ కథ తెగిపోతుందే అని బాధపడిన మనం, ఆ గడిలోనే ఇంత శాస్త్రం వుందని ఎప్పుడైనా అనుకున్నామా?

రేడియో వచ్చాక ఉత్తరాలే కొలత. 1952లో రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ గారి బినాకా గీత్‌మాలా మొదలైతే ఉత్తరాలు గుట్టలుగా వచ్చిపడేవి. పత్రికలు ఎన్ని కాపీలు అమ్ముడవుతున్నాయో తనిఖీ చెయ్యటానికి 1948లోనే మన దేశంలో ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ వెలిసింది. ఎవరి మాట వాళ్ళే చెప్పుకుంటే ప్రకటనదారుడు నమ్మడు కదా! పాలవాడి నోటిలెక్క కంటే గోడలెక్క మేలని అమ్మ అనుకున్నట్టే, వాళ్ళూ అనుకున్నారు.

ఇక వెబ్‌సైట్ల సంగతి. 1991లో వరల్డ్ వైడ్ వెబ్ లోకానికి తెరుచుకుంది. మనదేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న. వెబ్‌సైట్‌ని దాచివుంచే కంప్యూటరుకి మొదటినుంచీ ఒక మంచి అలవాటుంది. ఎవరు ఏ పేజీ అడిగినా, ఎన్ని గంటలకి అడిగారు, ఏం అడిగారు అని ఒక్కో వరస రాసిపెట్టుకుంటుంది. అచ్చం బొగ్గుగీతలే! కాకపోతే ఆ గీతలు వేలూ లక్షలూ అయ్యేసరికి మనిషి కూర్చుని లెక్కపెట్టలేడు. 1995లో కేంబ్రిడ్జి యూనివర్సిటీలో స్టీఫెన్ టర్నర్ అనే ఆయన వాటిని లెక్కగట్టి పెట్టే ప్రోగ్రాం ఒకటి రాసి, 'అనలాగ్' అని పేరుపెట్టి, అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు.

తొలిరోజుల్లో అందరూ 'హిట్లు' చెప్పుకుని మురిసిపోయేవారు. అందులో ఒక మోసం వుంది. పేజీలో పది బొమ్మలుంటే, ఒక మనిషి ఒక్కసారి చూసినా పదకొండు హిట్లు పడతాయి. పెళ్ళికి వచ్చిన ఒక్క చుట్టాన్నీ చెప్పులు, గొడుగు, సంచీతో సహా లెక్కేసి "నలుగురొచ్చారు" అన్నట్టన్నమాట! అందుకని తర్వాత వచ్చినవాళ్ళు పద్ధతి మార్చారు. పేజీలోనే ఒక చిన్న ప్రోగ్రాం ముక్క పెడతారు. చూసేవాళ్ళ ఫోన్‌లో ఒక గుర్తుచీటీ వుంచి, మళ్ళీ వస్తే పాతమనిషేనని పోల్చుకుంటుంది.

అమెరికాలో శాన్‌డియాగోలో 'అర్చిన్' అని ఒక కంపెనీ ఇలాంటి లెక్కలు డబ్బుకి అమ్ముకునేది. 2005లో దాన్ని గూగుల్ కొనేసి, ఆ నవంబరులోనే గూగుల్ అనలిటిక్స్ అనే పేరుతో ఉచితంగా వదిలింది. రేషన్ షాపులో పంచదార వచ్చిందని తెలిసినట్టు జనం విరగబడ్డారు. కొద్దిరోజుల్లోనే కొత్తవాళ్ళని చేర్చుకోవటం ఆపెయ్యాల్సి వచ్చింది. మళ్ళీ అందరికీ తలుపు తీసింది 2006లో. ఆ అర్చిన్ పేరు ఇప్పటికీ ఒకచోట బతికే వుంది. వెబ్‌సైట్ అడ్రసు చివర 'యూటీఎం' అని తోక ఒకటి తగిలిస్తారు చూడండి, అందులో మొదటి అక్షరం అర్చిన్‌దే. ఏ చోటునుంచి, ఏ దారిన, ఏ ప్రకటన చూసి వచ్చారో ఆ తోక చెప్తుంది. వందేళ్ళనాటి కూపను గుర్తే ఇది, వేషం మార్చుకుందంతే.

ఇదంతా మరదలికి చెప్తే, "అయితే మన కూపన్లకి గుర్తులు వేద్దాం వదినా" అంది. నాకు ముచ్చటేసింది.

పక్కవాటా అబ్బాయి మూడు తోకలు చేశాడు. డబ్బుపెట్టి వేసే ప్రకటనకి ఒకటి, వాట్సాప్‌లో పంపే లింకుకి ఒకటి, తార్నాకలో తెలిసిన ఇళ్ళకి పంచే కరపత్రం మీది క్యూఆర్ కోడ్‌కి ఒకటి. తోక లేకపోతే వాట్సాప్ నుంచి వచ్చినవాళ్ళని కూడా 'డైరెక్ట్' అని రాసి వూరుకుంటుందట ఆ లెక్క.

మొదటివారం లెక్క చూసి మరదలు గంతులేసింది. రోజూ పదిమంది కచ్చితంగా వచ్చి, చాలాసేపు వుండి వెళ్తున్నారు! తీరా ఆరాతీస్తే, వాళ్ళెవరు? నేను, మా తమ్ముడి పిల్లలు, మా పెద్దమ్మగారి కోడలు, అమ్ముడుపోయిందా అని గంటగంటకీ తెరిచి చూసుకునే మరదలు! పెళ్ళివారింట్లో పెళ్ళివారినే అతిథుల కింద లెక్కకట్టాం. మా ఇళ్ళ వాళ్ళని లెక్కలోంచి తీసెయ్యమని అబ్బాయికి చెప్పాం.

నెల తిరిగేసరికి అసలు సంగతి బయటపడింది. ప్రకటన చూసి వచ్చినవాళ్ళే ఎక్కువమంది. కాని వాళ్ళలో చాలామంది కందిపొడి పేరు కూడా వినని ఊళ్ళవాళ్ళు. దేశమంతా చూపించేలా ప్రకటన పెట్టి వూరుకున్నారు మరి! వాళ్ళు మొదటిపేజీ చూసి వెళ్ళిపోయారు. వాట్సాప్ నుంచీ, కరపత్రం నుంచీ వచ్చింది కొద్దిమందే గాని, కొన్నవాళ్ళంతా వాళ్ళలోనే వున్నారు. గాజులు కరిగింది ఎక్కడో అప్పుడు తెలిసింది.

ఇంకో విడ్డూరం. కొనటానికి సిద్ధపడి, బుట్టలో వేసుకుని కూడా, అడ్రసు రాసే పేజీ దగ్గర వెనక్కి తిరిగినవాళ్ళు చాలామంది వున్నారు. ఎందుకు తిరిగారు? లెక్క ఆ మాట చెప్పదు. మరదలు బుర్ర బద్దలుకొట్టుకుంటూ వుండగా తార్నాక నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. "అమ్మాయ్, పొడి కావాలంటే అన్నీ ఇంగ్లీషులో అడుగుతుందేమిటి? నోటితో చెప్తాను, రాసుకో" అన్నారట. తెలుగువాళ్ళకి తెలుగు పొడి అమ్ముతూ ఇంగ్లీషులో గుమ్మం కట్టాం! ఆ వారమే ఆ పేజీని తెలుగులోకి మార్పించాం. ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో వేశాం.

మీరడగొచ్చు, ఇంత మేలు చేసే లెక్క ఊరికే ఎందుకిస్తారని. నేనూ అడిగాను. లెక్క ఇచ్చేవారే ప్రకటనలూ అమ్ముకుంటారు. దేని వల్ల లాభమో తెలిసినవాడు ఇంకాస్త డబ్బు పెడతాడని వాళ్ళ ఆశ. పైగా, పుస్తకం వాళ్ళది. 2023 జూలైలో పాతపద్ధతి లెక్కలు ఆపేశారు, ఏడాది తర్వాత పాత వివరాలే తీసేశారు. నకలు తీసి దాచుకోనివాళ్ళ గోడకి వెల్ల వేసినట్టే అయింది. 'మటోమో' లాంటి ఉచిత ప్రోగ్రాములు కొన్ని వున్నాయి, వాటితో లెక్క మన దగ్గరే వుంచుకోవచ్చు. వచ్చిపోయేవాళ్ళ ఆనవాళ్ళు వాళ్ళకి చెప్పకుండా రాసుకోవటం న్యాయమా అన్నది ఇంకో పేచీ. 2022లో ఆస్ట్రియాలోనూ, ఫ్రాన్సులోనూ అధికారులు ఈ లెక్కల మీద అభ్యంతరం చెప్పారు. మనదేశంలోనూ 2023లో వ్యక్తుల వివరాల రక్షణకి చట్టం వచ్చింది. అందుకే మరదలి సైట్‌లో "మీరు ఏ పేజీ చూశారో మేం లెక్క పెట్టుకుంటున్నాం" అని తెలుగులో ఒక వాక్యం రాయించాను. మన ఇంటికి వచ్చినవాళ్ళకి చెప్పకుండా వాళ్ళ సంచీ వెతుకుతామా?

సీతాఫలాల రోజుల్లో మా స్టేషను దారిలో ఒక ముసలావిడ బుట్ట పెట్టుకుని కూర్చుంటుంది. నేను కనపడగానే "పోయినసారి తీస్కపోయినయి మంచిగ పండినయా అమ్మా?" అని అడుగుతుంది. ఎవరు మళ్ళీ వచ్చారో, ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో ఆవిడకి తెలుసు. ఆ మూడో ప్రశ్నకి ఏ లెక్కా జవాబు చెప్పదు, మనిషిని అడగాల్సిందే. అమ్మ గోడ కూడా అంతే. పాలు ఎన్నిరోజులు వచ్చాయో చెప్పేది గాని, ఎందుకు పల్చగా వచ్చాయో చెప్పేది కాదు.

మరదలు ప్రకటనలు బాగా తగ్గించింది. దీపావళికి ఒక గాజు విడిపించుకుంది. రెండోది ఇంకా అక్కడే వుంది. నేను తమ్ముడితో అనలేదు, ఆవిడే చెప్పింది. కోప్పడతాడేమోనని భయపడుతూనే, నెలనెలా తీసి దాచుకున్న కాగితాలన్నీ వాడి ముందు పెట్టింది. వాడు చాలాసేపు చూశాడు. నిలువుగా గీతలు, ఒక్కో రోజుకి ఒక్కొక్కటి, అక్కడక్కడ సున్నాలు.

"అక్కా, ఇది మన అమ్మ గోడలా వుందే!" అన్నాడు.